గోడకెక్కిన జాకెట్టు

మా పిన్ని దగ్గర కత్తెరలు రెండు. పెద్దది బట్టకు, చిన్నది కాగితానికి. బట్ట కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందన్న సంగతి బెంగళూరు మడివాళలో మా వీధిలో అందరికీ తెలుసు. ఎందుకంటే మా పిన్ని ఆ సంగతి నాకు వీధంతా వినపడేలా చెప్పింది. నేను కొలాజ్ మొదలుపెట్టిన కొత్తల్లో మాట అది.

"అది బట్ట కత్తెరే! దాంతో బొమ్మలు కోస్తాండావా? చెయ్యి ఇరగ్గొడతా!"

బెళ్ళందూరు ఆఫీసులో నా మాటంటే హడలిపోయే టీము ఒకటుంది. వాళ్ళు ఆ రోజు మా గుమ్మంలో ఉండి నన్ను చూడాల్సింది. పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుని పిన్ని ఇంట్లోనే ఉండిపోయినదాన్ని. ఆమె ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. నేను లోపలి గదిలో కాగితాలు కోస్తాను. మధ్యలో ఒక కర్టెన్, రోజుకో గొడవ.

పిన్ని లెక్కలో నాది బొమ్మలు కోయడం. ఆఫీసులో నా పక్క సీటాయన లెక్కలో అయితే మరీ ఘోరం. "మా పాప కూడా స్కూల్లో ఇదే చేస్తోందండీ" అంటాడు నవ్వుతూ. ఒళ్ళు మండిపోతుంది. కొలాజ్ అంటే బంక పూసి అంటించేయడం కాదు నాయనా! మందుల డబ్బా, బస్సు టికెట్టు, పాత పెళ్ళి కార్డు, గోధుమపిండి సంచీ మీది రైతు మొహం, ఎన్నడూ ఎదురుపడని ఇలాంటివాటిని ఒకచోటికి తెచ్చి, వాటికి జోడీ కుదురుతుందా లేదా అని గంటలకొద్దీ జరిపి చూడాలి. పెళ్ళిళ్ళ పేరయ్య పని. కుదరకపోతే తిట్లు మనకే, కుదిరితే గొప్ప వాళ్ళది.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఆదివారం ఉదయాలు ఒకచోట చేరతాం. మూతపడిన ఒక ఫొటో స్టూడియో మేడ మీద గది అది. ఒక నర్సమ్మ, కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన, మహదేవపుర నుంచి ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వచ్చే ఒక జంట, ఇంకా వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. గది మధ్యలో కాగితాల కుప్ప ఉంటుంది. లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు తమ కాగితాలు ఆ కుప్పలో పోసి, తర్వాతే చెప్పులు విప్పాలి. కుప్పలో పడ్డది అందరిదీ. అంటించిన కాగితాన్ని తిరిగి అడగకూడదు. ఒకసారి ఒక అగ్గిపెట్టె బొమ్మ కోసం ఇద్దరు కొట్టుకున్నంత పని చేశాక, ఈ రెండు మాటలనూ మా పెద్దాయన స్కెచ్ పెన్నుతో గోడ మీద రాసేశాడు.

పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనది తాతల నాడే బెంగళూరు వచ్చిన తెలుగు కుటుంబం. మా అందరికీ ఆయనంటే ప్రాణం. ఆయన కొలాజ్‌లంటే మాత్రం, ఏం చెప్పమంటారు, ఆయన లేనప్పుడు కూడా ఎవరూ ఏమీ అనేవాళ్ళం కాదు. స్కేలు పెట్టి కోస్తాడు. పువ్వు చేసినా త్రిభుజమే, పిల్లి చేసినా త్రిభుజమే. "ఏమో అప్పా, నా చేతికి వంకర రాదు" అని బేజారుగా నవ్వేవాడు. బంక మాత్రం ఆయనదే గొప్ప. ఇంట్లో మైదా ఉడికించి, కాఫీపొడి డబ్బాలో పోసుకుని తెచ్చేవాడు. మేం సీసాలు తీస్తే, "మీవి బంకలా? డబ్బులు కరిగించి పూస్తాండారు" అనేవాడు.

ఆయనకు తెలుగు పత్రికలంటే మోజు. మన అక్షరాలకు మూలలుండవు కదా, కోస్తే గవ్వల్లా ఉంటాయట. అందుకని మా ఇంటికి వచ్చి పాత పేపర్లు పట్టుకెళ్ళేవాడు. పిన్ని ఒకసారి ధారాళంగా చెప్పేసింది కూడా. "వాకిట్లో ఆ మూల కుప్పంతా మీదే అప్పా. నేనున్నా లేకున్నా తీసకపోండి."

ఇప్పుడు పిండి అక్క సంగతి చెప్పాలి.

మా వెనక వీధిలో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది కాబట్టి ఆమె అందరికీ పిండి అక్క. మా చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళలో ఆడపిల్లలు ఆదివారం ఇడ్లీ తింటున్నారంటే ఆమె చలవే. పోయినేడు ఆమెకు రొమ్ము ఆపరేషన్ అయింది. ఎడమ పక్కది పూర్తిగా తీసేశారు. జబ్బు పోయింది, మనిషి నిలబడింది. కానీ ఆ తర్వాత ఆమె చీర కట్టలేదు. వదులు చుడీదారు, దాని మీద రెండు భుజాలకీ పిన్నులు గుచ్చిన చున్నీ, పిండి తూచేటప్పుడు కూడా అంతే. పాత జాకెట్లన్నీ ఎవరికో ఇచ్చేసింది. ఇంతలో కొడుకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు తల్లి పట్టుచీర కట్టకుండా పీటల దగ్గర ఎలా నిలబడుతుంది?

ఒక మధ్యాహ్నం వచ్చి, తలుపు గడియ తనే వేసుకుంది. నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్న రోజది. కర్టెన్ ఇవతల నాకన్నీ వినబడుతున్నాయి.

"ఒక్కసారే అక్కా. ఇంగ నన్నెవురూ కొలవకూడదు. ఆస్పత్రిలో ముట్టుకోనోళ్ళు లేరు, సూడనోళ్ళు లేరు. యేసారిపోయినా."

"ఒట్టు. ఒక్కసారే. మళ్ళా నీ మీద టేపు పెట్టను" అంది పిన్ని. పిన్ని అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

పిన్ని కొలతలు రాసుకునే రకం కాదు. టేపు పెట్టడం, పాత న్యూస్‌పేపర్ మీద గీయడం, కోయడం, అంతే. టైలర్లు పేపర్ కటింగు అంటారు దాన్ని. ఆ పేపరు బట్ట మీద పరిచి, చుట్టూ సుద్దముక్కతో గీసి కోస్తే జాకెట్టు. పిండి అక్కకు పాత గుడ్డతో ఒకటి ఊరికే కుట్టి తొడిగి చూసింది, పేపరు సరిదిద్దింది, మళ్ళీ తొడిగింది, మళ్ళీ సరిదిద్దింది. కుడి పక్క మామూలు వంపు. ఎడమ పక్క చదును, దాని లోపల మెత్త పెట్టుకోవడానికి అరచందమామలాంటి చిన్న జేబు. అద్దంలో చూసుకుని పిండి అక్క ముక్కు చీదింది. ఆ పాత గుడ్డను పిన్ని ఊడదీసి మసిగుడ్డ చేసేసింది. పేపరు ఉండగా అదెందుకని.

కటింగులన్నీ గోడకు మేకుకి తగిలించి ఉంటాయి. పీజీ పిల్లలు వచ్చి వాటిని లాగి, "ఆంటీ, ఇదెవరిది? అమ్మో, ఇంత లావా?" అని నవ్వుకుంటారు. దీన్ని వాళ్ళ కంట పడనిస్తే పిండి అక్క ఏమైపోవాలి? అందుకని పిన్ని బ్రహ్మాండమైన ఉపాయం ఆలోచించింది. ఆ కటింగును ఒక ఆదివారం అనుబంధంలో మడిచిపెట్టి, ఎవరూ చెయ్యిపెట్టని చోట దాచింది. వాకిట్లో ఆ మూల, పాత పేపర్ల కుప్ప అడుగున.

దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే. పాపం, దొంగకు కూడా తెలియదు తాళాలిచ్చారని.

జరీ రంగుకు సరిపోయే లైనింగు కోసం పిన్ని మార్కెట్టంతా తిరిగి, దొరికిన రోజు సాయంత్రం కోయడానికి కూర్చుంది. నేను ఆఫీసు క్యాబ్ దిగేసరికి వాకిట్లో మూల ఖాళీ. పిన్ని నేల మీద చతికిలబడి ఉంది.

"మీ లెక్కల అయ్యవారు మొన్ననే వచ్చిపోయినాడంట. పక్కింటామె చెప్పినాది. పిండక్క జాకెట్టు తీసకపోయినాడే అమ్మీ!"

ఫోన్ చేస్తే పెద్దాయన మహా ఆనందంగా ఎత్తాడు. నన్ను మాట్లాడనిస్తేనా?

"నువ్వు బిరబిర రామ్మా! ఇన్ని దినాలకి ఒకటి కుదిరినాది! నా చేతికి వంకర వచ్చినాదప్పా!"

ఆ వంకర ఎవరిదో తెలిసి, పిన్నిని లేపి బయల్దేరదీశాను.

మర్నాడే మా ఎగ్జిబిషన్. అందరూ మేడ గదిలోనే ఉండి గోడలకు మేకులు కొడుతున్నారు. పిన్ని మెడలో టేపుతో, చంకలో తన పెద్ద సంచీతో మెట్లెక్కింది. ఎదురు గోడ మీద ఉంది పెద్దాయన కొలాజ్. చూడగానే నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అది నిజంగా బాగుంది.

నందిబెట్ట అది, మా ఊరి పక్క నందికొండ. తెల్లవారుజామున మబ్బుల్లోంచి లేస్తున్న కొండ. కుడి పక్క నిండుగా, మెత్తగా లేచిన వంపు, దాని మీదంతా టమాటా ధరలు, రాశిఫలాలు. ఎడమ పక్క చదునుగా జారిపోయిన బయలు. బయలు చివర అప్పుడే పొడుస్తున్న అరసూర్యుడు. ఆ సూర్యుడు మా పిన్ని కోసిన జేబు. స్కేలు మనిషి చేతిలోంచి ఇది ఎలా వచ్చిందా అని అందరూ అబ్బురపడుతున్నారు.

"ఇది కొండ కాదప్పా!" పిన్ని గొంతుకు మేకులు కొట్టేవాళ్ళు ఆగిపోయారు. "ఇది మనిషి జాకెట్టు!"

పెద్దాయన నవ్వాడు, తమాషా అనుకుని. పిన్ని ఆయన్ను ఒక పక్కకు లాగి మెల్లగా చెప్పింది. ఎవరిదో చెప్పలేదు, ఏమిటో చెప్పింది. పెళ్ళి వచ్చే వారమేనని, మళ్ళీ కొలవనని ఒట్టు వేశానని చెప్పింది. ఆయన మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

అప్పుడు మా కాలేజీ పాఠాలాయన, అసలు సంగతి వినకుండానే, గోడ వైపు వేలు చూపించాడు. "అంటించింది అడగకూడదు కదండీ..."

నేను నోరు తెరిచేలోపే పెద్దాయన అన్నాడు. "గమ్మునుండప్పా. అది రాసినోణ్ణి నేనే కదా." లేచి బక్కెట్టులో నీళ్ళు తెచ్చాడు, స్పాంజీ తెచ్చాడు. "మైదా గంజి కదమ్మా. తడిపితే ఊడొస్తాది. మీ బంకలైతే రావు." అలాంటప్పుడు కూడా మా బంకల మీద ఒక మాట వేయకుండా ఉండలేదు. కానీ స్పాంజీని తడిపి పిండి, మళ్ళీ తడిపి పిండుతున్నాడే తప్ప గోడ దగ్గరికి వెళ్ళడం లేదు. ఇన్నాళ్ళ త్రిభుజాల తర్వాత వచ్చిన ఒకే ఒక్క వంకర అది, పాపం.

పిన్ని ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది. "ఆగప్పా. ఈ చంక యాడ పోయినాది?"

"చంకనా?"

"ఇక్కడ చంక వంపు ఉండల్ల. భుజం కూడా లేదు."

పెద్దాయన తేలు కుట్టిన దొంగలా చూశాడు. "మబ్బుకు అడ్డమొచ్చినాదని... కోసేసి కుప్పలో ఏసినా."

కుప్పలో వేస్తే ఇంకేముంది? మా వాళ్ళు కాకుల్లాంటివాళ్ళు, వంకరముక్క కనిపిస్తే వదలరు. అందరూ తమ తమ కొలాజ్‌ల మీద పడ్డారు. నర్సమ్మ తన చేప తోక పరీక్షించింది. మహదేవపుర జంట కాఫీకప్పు పిడి తెచ్చి చూపించారు. పాఠాలాయన, ఇప్పుడు మహా ఉత్సాహంగా, ఒక ఏనుగు చెవి పట్టుకొచ్చాడు. పిన్ని ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఇది చంక కాదు, చిట్‌ఫండు ప్రకటన" అనో, "ఇది ఎవుని చంకైనా కావచ్చు, మనది కాదు" అనో పక్కన పడేసింది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ చంక రాలేదు. పెద్దాయన మళ్ళీ స్పాంజీ తీశాడు.

"వద్దులే అప్పా" అంది పిన్ని. "దాన్ని తడిపితే నీదీ పోతాది, నాదీ రాదు."

ఇక మిగిలింది ఒకటే. పిండి అక్కకు చెప్పడం.

మా పిన్ని ఇంటి ఓనరుకు భయపడదు, కార్పొరేటరుకు భయపడదు. అలాంటిది మర్నాడు పొద్దున పిండి అక్క గుమ్మం ముందు నిలబడి, ఒక కిలో పిండి అడిగింది. తీసుకుంది. ఇంకో కిలో అడిగింది. అదీ తీసుకుంది. మూడోది కూడా అడుగుతుంటే నేను మోచేత్తో పొడిచాను. మా ఇంట్లో తినేది ఇద్దరం!

అప్పుడు చెప్పింది. ఒక్క ముక్క దాచకుండా, తన తెలివితక్కువతనంతో సహా చెప్పింది. పిండి అక్క గ్రైండరు ఆపేసింది. అది ఆగాక వీధిలో చప్పుడంతా ఒక్కసారి లోపలికి వచ్చినట్టయింది.

"గోడకు పెట్టినారా?"

"గోడకే."

"అందరూ సూస్తాండారా?"

"కొండ అనుకోని సూస్తాండారు."

ఆమె చున్నీ పిన్ను ఒకసారి తడుముకుంది. నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోవడంలో అర్థం లేదు, వెక్కి వెక్కి ఏడ్చాను, రెండు కిలోల పిండి ఒళ్ళో పెట్టుకుని. పిండి అక్క నా వంక చూసి, "నువ్వెందుకే ఏడుస్తావు, పిండి నీళ్ళయిపోతాది" అంది. తర్వాత చేతులు కడుక్కుని, "నేను సూడల్ల" అంది.

మధ్యాహ్నం భోజనాల వేళ, జనం పలచబడ్డాక, మేడ గదికి తీసుకెళ్ళాం. పెద్దాయన గోడకు ఆనుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే ఆయనకు అర్థమైంది, ఈమేనని. నమస్కారం పెట్టబోయి, సగంలో ఆగిపోయాడు.

పిన్ని వేలు పెట్టి మెల్లగా చూపించింది. "ఇది నీ కుడి. ఇది ఎడమ. అదో, ఆ సూర్యుడు మన జేబు."

పిండి అక్క చూస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆమె భుజాలు కదలడం మొదలైంది. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. చూస్తే, నవ్వుతోంది.

"కుడి పక్క కొండ, ఎడమ పక్క బయలు! అయ్య ఉండేది ఉన్నట్టే పెట్టినాడు కదక్కా!"

పిన్ని ఆపుకోలేకపోయింది. నర్సమ్మ మొదలుపెట్టింది. నేనూ మొదలుపెట్టాను. పాపం పెద్దాయనకు నవ్వాలో వద్దో తెలియక కిటికీ వైపు తిరిగాడు. నవ్వీ నవ్వీ పిండి అక్క కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నీళ్ళొస్తే మళ్ళీ తుడుచుకుంది.

"ఆస్పత్రిలో అంతమంది సూసినారు" అంది, కొండ మీంచి చూపు తిప్పకుండా. "బాగయినాది అన్నారు గానీ, బాగుండాదని ఒక్కరూ అనలేదు."

కిటికీ దగ్గర్నుంచి, ఇటు తిరగకుండానే, పెద్దాయన అన్నాడు. "శానా బాగుండాదమ్మా. నా జన్మకి నేను చేసినదాంట్లో బాగుండేది ఇదొక్కటే."

ఆమె ఆయన వీపు వైపు కాసేపు చూసింది. తర్వాత పిన్ని వైపు తిరిగింది.

"మెడలో ఆ టేపు సోకుకా? కొలుచుకో."

"ఒట్టేసినానే..."

"ఒట్టు తీసి గట్టున పెట్టు."

ఇక చూడాలి మా హడావిడి! మగవాళ్ళందరినీ మెట్ల మీదికి తోలేశాం. ఎగ్జిబిషన్ బల్లల మీది దుప్పట్లు లాగి, నేనూ నర్సమ్మా, మహదేవపుర అమ్మాయీ చుట్టూ పట్టుకుని నిలబడ్డాం. పిండి అక్క తనే చున్నీ పిన్నులు తీసి నా చేతికిచ్చింది. పిన్ని కొలిచింది. కొలుస్తున్నంతసేపూ ఇద్దరూ ఇడ్లీపిండిలో మెంతులు ఎప్పుడు వేయాలా అని పోట్లాడుకున్నారు. కొలవడం అయ్యాక కుప్పలోంచి ఒక పేపరు లాగి నేల మీద పరిచింది పిన్ని. కాగితం కత్తెర ఇంట్లోనే ఉండిపోయింది. మా కత్తెరలన్నీ బంక పట్టి ఉన్నాయి. సంచీలోంచి పెద్ద కత్తెర తీసింది.

"పిన్నీ, అది బట్టదే! పదును పోతాది."

"పోతే సాన పట్టిస్తాలే. గమ్మున దుప్పటి పట్టుకో."

కరకరమని కోసింది. ఆ చప్పుడుకు నా ఒళ్ళు ఝల్లుమంది, ఎన్ని తిట్లు తిన్నానో ఆ కత్తెర కోసం.

జాకెట్టు ఎలా కుదిరిందంటే, పెళ్ళిలో పిండి అక్క పట్టుచీర కొంగు వదిలేసి, రెండు చేతులూ ఊపుకుంటూ తిరిగింది. వడ్డన దగ్గరికెళ్ళి సాంబారులో ఉప్పు చాలలేదని వంటవాళ్ళను దులిపింది కూడా. పెద్దాయన మొదటి వరుసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మా కొలాజ్ వాళ్ళంతా శుభలేఖలు చేతుల్లో పట్టుకుని, ఎక్కడ కోస్తే బాగుంటుందా అని చూసుకుంటున్నారు. ఎవరి పిచ్చి వారికానందం.

అక్షింతలు వేయడానికి నేను మండపం మీదికి వెళ్తే, పిండి అక్క నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"కొత్త కాగితం యాడ పెట్టినాది మీ పిన్ని? మళ్ళా దాచినాదా?"

"దాచింది అక్కా. ఈసారి బీరువాలో, తాళం వేసి."

"తియ్యమని చెప్పు. అందరివాటితో పాటు మేకుకు తగిలియ్యమని చెప్పు." పక్కన పురోహితుడు మంత్రం ఆపి మా వైపు చూస్తున్నా ఆమె లెక్కచేయలేదు. "నందిబెట్టను ఎవురైనా దాస్తారా అమ్మీ!"

నవ్వుతో గురి తప్పి, నా అక్షింతలు సగం పెళ్ళికూతురి మీద పడ్డాయి, సగం పిండి అక్క మీద పడ్డాయి.